పుట్ట తేనెటీగల పెట్టెలకు చోటు చూడవలసింది ఆషాఢంలో

మాఘమాసంలో ఒక జీడితోటలోకి ఉదయం తొమ్మిది గంటల వేళ అడుగుపెడితే తేనెటీగలకు ఇంతకంటే మంచి చోటు లోకంలో ఉండదనిపిస్తుంది. రెమ్మ చివరనల్లా ఎర్రచారల చిన్న పూల గుత్తులు, గాలి నిండా తియ్యటి వాసన, చెవి పెడితే చెట్టంతా ఒకటే రొద. అలాంటి రోజున చోటు చూసి మురిసిపోయి పది పెట్టెలు తెచ్చి దించినవారిలో చాలామంది శ్రావణం నాటికి ఖాళీ పెట్టెలను, వాటి లోపల మైనపు పురుగు అల్లిన బూజును చూసుకుని కూర్చున్నారు. మొదటిసారి నేను చేసిన పని కూడా అదే. పూత ఉన్న నెలలో ఏ చోటైనా బాగానే ఉంటుంది కనుక, ఆ నెలలో చూసింది చూపు కిందికి రాదు.

ఇక్కడ రాస్తున్నది చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ప్రాంతాన్ని మనసులో పెట్టుకుని, ఐదు నుంచి పది పెట్టెల పుట్ట తేనెటీగలను, అంటే పుట్టల్లో, చెట్టు తొర్రల్లో గూడు కట్టే మన నాటు ఈగలను, ఏడాది పొడవునా ఒకే చోట ఉంచదలచినవారి కోసం. ఐరోపా జాతి ఈగలను వందల పెట్టెల్లో లారీలకు ఎక్కించి పొద్దుతిరుగుడు నుంచి ధనియాలకు, అక్కడి నుంచి వలిసెలకు తిప్పేవారి లెక్క వేరు. వారికి పూత అయిపోగానే చోటుతో పని తీరిపోతుంది. మనకు పూత అయిపోయిన తరువాతే చోటుతో అసలు పని మొదలవుతుంది.

మేత లెక్క

పుట్ట తేనెటీగ మేత కోసం సాధారణంగా ఒక కిలోమీటరు, మహా అయితే ఒకటిన్నర కిలోమీటరు దూరం ఎగురుతుంది. పెట్టె చుట్టూ ఒక కిలోమీటరు గీత గీస్తే దాని లోపలికి సుమారు 775 ఎకరాలు వస్తాయి. మీకున్న రెండెకరాల తోటలో ఏముందన్నది అందువల్ల పెద్ద విషయం కాదు. ఆ 775 ఎకరాల్లో ఏముంది, అది ఏ నెలలో పూస్తుంది అన్నదే విషయం. ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే తోటలు, చెరువులు, ఊళ్లు తెలుస్తాయి గానీ గట్ల మీది చెట్లు, పోరంబోకులోని తుప్పలు తెలియవు. మోటారు సైకిలును గట్టు దగ్గర నిలిపి, నాలుగు దిక్కులా నడిచి, ఒక నోటు పుస్తకంలో పన్నెండు నెలలకు పన్నెండు పేజీలు కేటాయించి, కనిపించిన ప్రతి చెట్టునూ పైరునూ అది పూసే నెల పేజీలో రాసుకోవాలి.

మా వైపు ఆ పుస్తకం ఇలా నిండుతుంది. జనవరి నుంచి మార్చి దాకా జీడి, మామిడి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేప. ఏప్రిల్, మే నెలల్లో కానుగ. మే, జూన్ నెలల్లో చింత. ఏడాది పొడవునా కొబ్బరి కాస్తో కూస్తో ఇస్తూనే ఉంటుంది. మామిడి పూతను చూసి ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. దాని మీద వాలేది తేనెటీగల కంటే మామూలు ఈగలే ఎక్కువ. మొక్కజొన్న మకరందం ఇవ్వదు కానీ పుప్పొడి ఇస్తుంది. పిల్లల పెంపకానికి పుప్పొడే ఆధారం కనుక దాన్ని చిన్నచూపు చూడరాదు. అక్టోబరు తరువాత రేగు, కుంకుడు పూతకు వస్తాయి.

ఇక జూలై, ఆగస్టు పేజీలు. చాలా చోట్ల ఇవి తెల్లగా మిగిలిపోతాయి. చింతపూత రాలిపోయి ఉంటుంది, ఖరీఫు పైర్లు ఇంకా మొలక దశలో ఉంటాయి, నాలుగు రోజులకొకసారి పడే ముసురులో ఈగలు బయటికే రావు. ఈ రెండు పేజీల్లో కొబ్బరితోటలు, గట్ల మీద గడ్డిచామంతి, పల్లేరు, పెరళ్లలో గుమ్మడి, బీర, దోస పాదులు, మునగ చెట్లు రాసుకోగలిగితే ఆ చోటు నిలబడుతుంది. ఏమీ రాసుకోలేకపోతే పంచదార పాకం మీద నెట్టుకురావాలి. పది పెట్టెలకు రెండు నెలల పాకం ఖర్చు, శ్రమ లెక్క వేసుకుని, అంత ఓపిక ఉంటేనే ఆ చోటుకు ఒప్పుకోవాలి. నేను కొత్త చోటును ఆషాఢంలోనే, అదీ వాన తెరిపి ఇచ్చిన మరునాటి ఉదయం చూస్తాను. ఆ రోజున గట్టు మీది పూల మీద పది నిమిషాల్లో నాలుగు పుట్ట తేనెటీగలు కనిపించినా, మాఘంలో నాలుగు వందలు కనిపించినదాని కంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

అడిగి తెలుసుకోవలసినవారు కూడా ఉన్నారు. తేనె పట్టులు కొట్టే యానాదులు, తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులు ఏ పుట్టలో, ఏ చెట్టు తొర్రలో, ఏ పాడుబావి గోడలో ఈగలున్నాయో, అవి వానాకాలంలో కూడా ఉంటాయో లేచిపోతాయో చెప్పగలరు. ఏడాది పొడవునా ఈగలు వదలని పుట్ట ఒకటి దగ్గరలో ఉన్నదంటే మన నోటు పుస్తకం చెప్పలేనిది అది చెప్పినట్టే.

మందు కొట్టే చేను

చల్లటి నీడ, దగ్గరలో బోరు, కాపలాకు మనిషి ఉంటాడని మామిడితోటలో పెట్టెలు పెట్టుకోవాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. అయితే మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడుతుంది. పేరులో తేనె ఉన్నా మన ఈగలకు దానివల్ల వచ్చేది చేటే, ఎందుకంటే దాని కోసం రైతు మందు కొట్టేది సరిగ్గా పూమొగ్గ, పూత దశల్లోనే. జీడిమామిడికి టీ దోమ కోసం కొత్త చిగురు, పూత, పిందె దశల్లో మందు పడుతుంది. మొదట చెప్పిన మాఘమాసపు జీడితోటలో ఆ రోజు సాయంత్రమే పవర్ స్ప్రేయరు రావచ్చునన్నమాట. పత్తి, మిరప చేలు ఎక్కువగా ఉన్న చోటును ఎంత మేత ఉన్నా వదులుకోవడమే మంచిది. కత్తెర పురుగు 2018లో మన దేశంలో కనిపించినప్పటి నుంచి మొక్కజొన్ననూ ఈ జాబితాలో చేర్చుకుని విచారించుకోవాలి.

విచారణ తోట యజమాని దగ్గర మొదలుపెట్టినా, మందు కొట్టే కూలీని అడగనిదే ముగించకూడదు. ఏ మందు, ఏ నెలలో, పగలు ఎన్ని గంటలకు కొడతారన్నది అతనికి తెలిసినంత కచ్చితంగా యజమానికి తెలియదు. చుట్టుపక్కల నలుగురైదుగురు రైతులతో ముందే మాట్లాడి, మందును సాయంత్రం ఐదు తరువాత, ఈగలు గూటికి చేరాక కొట్టమని, ముందు రోజు ఒక ఫోను చేయమని అడగాలి. రాత్రంతా ఆరిన మందు కంటే పూత మీద తడిగా ఉన్న మందు ఈగలను ఎన్నో రెట్లు ఎక్కువగా చంపుతుంది. పగలే కొట్టక తప్పదని కబురు వస్తే, చీకటి పడ్డాక ద్వారాలకు జాలీ కట్టి, పెట్టెల మీద తడిగోనెలు కప్పి మరునాడు ఒక పూట ఆపవచ్చు. గాలి ఆడకుండా గుడ్డతో బిగించి మూస్తే మాత్రం మందు చేయవలసిన పని ఉక్కపోత చేస్తుంది. నెలకు రెండుమూడు సార్లు ఇలా మూయవలసి వచ్చే చోటును చోటు అనడానికి లేదు.

నీరు, ఎండ, గాలి

పెట్టెలు రాకముందే నీళ్ల తావు సిద్ధంగా ఉండాలి. ఈగలు మొదటి రెండు రోజుల్లో ఎక్కడ నీరు తాగితే ఆ తరువాత కూడా అక్కడికే పోతాయి. మనం ఆలస్యం చేస్తే అవి పక్కింటి కుడితి తొట్టిని అలవాటు చేసుకుంటాయి. తొట్టిలో పడి ఈగలు చస్తాయి, మూతి పెట్టిన గేదెను కుడతాయి, ఆ ఇంటివారితో మనకు మాట వస్తుంది. వెడల్పాటి మట్టి పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్ల తలలు పైకి తేలేలా నీరు పోసి, పెట్టెలకు పది పదిహేను గజాల దూరంలో నీడపట్టున ఉంచితే చాలు. ఒక గోనెపట్టా ముక్కను పళ్లెంలో సగం మునిగేలా వేలాడదీస్తే ఈగలు ఆ తడి గోనె మీద బారులు తీరి తాగుతాయి.

పిల్లలున్న పట్టుల దగ్గర ఈగలు 34, 35 డిగ్రీల వేడిని నిలుపుకుంటాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలున్నప్పుడు మేతకు పోవలసిన ఈగల్లో చాలా భాగం నీళ్లు మోయడానికి, ద్వారం దగ్గర రెక్కలతో విసరడానికే సరిపోతాయి. మైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి గానీ, తేనె బరువుతో వేలాడే కొత్త పట్టు అంతకు చాలా ముందే మెత్తబడి జారిపోతుంది. కాబట్టి ఉదయం పూట ఎండ తగిలి, తొమ్మిది పది గంటల తరువాత నీడ పడే చోటు కావాలి. వేప, కానుగ వంటి పలచని నీడ మంచిది. పెద్ద చింత కింది చిక్కటి నీడలో వానాకాలమంతా చెమ్మ ఆరదు, మైనపు పురుగుకు అది పుట్టిల్లు. కొబ్బరితోటలో రెండు చెట్ల నడుమ పెట్టాలే తప్ప చెట్టు మొదట్లో పెట్టకూడదు. ఎండు మట్ట ఒక్కటి పడితే మూత, తేనె అర రెండూ పోతాయి. చెట్టు నీడ లేని చోట నాలుగు రాటలు పాతి తాటాకు పందిరి వేసుకోవడం సులభం.

ద్వారాలు తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి ఉండాలని అందరూ చెబుతారు. పొద్దున్నే ఎండ తగిలి ఈగలు పెందలాడే పనిలోకి పోతాయన్నది నిజమే. మా వైపు మాత్రం అసలు కారణం గాలి. ఎండాకాలపు వడగాలి, నైరుతి రుతుపవనాల జల్లు రెండూ పడమటి దిక్కు నుంచే వస్తాయి కనుక ద్వారానికి అవి వీపు వైపున ఉండాలి. పడమట ఒక కంచె, వెదురు పొద, లేదా ఇంటి గోడ అడ్డు ఉంటే ఇంకా మంచిది. ఏటి ఒడ్డును, చెరువు శిఖాన్ని ఎండాకాలంలో చూసి ఒప్పుకోకండి. ఆ చెరువు నిండినప్పుడు నీటి గీత ఎక్కడికి వచ్చిందో చెట్ల మొదళ్లను చూస్తే తెలుస్తుంది.

మనుషుల సంగతి

బాటకు, పశువుల కొట్టానికి, బడికి కనీసం పదిహేను గజాల దూరం ఉంచి, ద్వారాలు అటు వైపు తిరగకుండా చూసుకోవాలి. స్థలం ఇరుకైనప్పుడు ద్వారాలకు ఎదురుగా ఐదారు అడుగుల దూరంలో తలెత్తు దడి కడితే ఈగలు బయటికి రాగానే పైకి లేచి మనిషి తల మీదుగా పోతాయి. రాత్రంతా వెలిగే వీధి దీపం దగ్గర పెట్టెలు వద్దు. ఉక్క రాత్రుల్లో ద్వారం బయట గుమిగూడే ఈగలు దీపం చుట్టూ చేరి చస్తాయి.

బెల్లం వండే చోటు కిలోమీటరు లోపల ఉంటే మాత్రం ఆ చోటును మరచిపోండి. వేడి పాకం మూకుడులో ఈగలు తెట్టులా పడి చావడం ఒకసారి చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. తాటికల్లు గీసే కాలంలో లొట్టిలోకి దిగే ఈగలది కూడా అదే గతి, పైగా చెట్టు తల మీద ఉన్న గీత కార్మికుడిని ఈగ కుడితే జరిగే ప్రమాదం చిన్నది కాదు. వరుస తాటిచెట్లు గీసే చోటికి ఎంత దూరంగా ఉంటే అంత మేలు. దగ్గరలో ఉండక తప్పకపోతే ఆ మనిషితో ముందే మాట్లాడుకోవాలి. మొదటి తేనె సీసా స్థలమిచ్చిన యజమానికి ఇచ్చినా రెండోది అతనికే ఇవ్వాలి.

చుట్టుపక్కల వేరేవారి పెట్టెలున్నాయేమో కూడా అడగండి. ఐరోపా జాతి ఈగల పెట్టెలు దగ్గరలో దిగితే, మేత తగ్గిన రోజున అవి మన చిన్న ఈగల పెట్టెల మీద పడి తేనె దోచుకుపోతాయి. రోగాలు పాకడం ఇంకొక భయం. 1991-92 ప్రాంతంలో దక్షిణాదిలో పుట్ట తేనెటీగల పెట్టెలను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసిన, ఈగ పిల్లలను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ పెట్టె నుంచి పెట్టెకు పాకినదే. చవకగా వస్తున్నాయని ఎవరివో పాత పట్టులు కొని కొత్త చోటికి తేవద్దు.

స్టాండ్లు నిలపడం

గడ్డి చెక్కి, చీమల పుట్టలు లేకుండా చూసుకుని, పెట్టెకు పెట్టెకు 6 అడుగులు, వరుసకు వరుసకు 10 అడుగులు ఎడం ఉండేలా ముగ్గుతో గుర్తులు పెట్టుకోండి. స్టాండు ఒకటిన్నర అడుగుల ఎత్తుంటే వంగకుండా పని చేసుకోవచ్చు. నల్లరేగడి నేలలో కాళ్ల కింద నాపరాళ్లు పరచడం మరవకండి. నేను ఒక ఏడు బద్ధకించి వట్టి నేల మీద నిలిపాను. వారం రోజుల వానకు ఒక స్టాండు ఎడమ కాళ్లు మూడంగుళాలు దిగబడ్డాయి, పెట్టె పక్కకు ఒరిగింది. మనం పెట్టెను ఎటు ఒంచినా ఈగలు పట్టును నిట్టనిలువుగానే వేలాడదీస్తాయి. నెల తరువాత మూత తీసి చూస్తే పట్టులు ఒక చట్రంలో మొదలై పక్క చట్రంలోకి ఏటవాలుగా దిగి ఉన్నాయి. ఏ చట్రం లాగినా రెండు పట్టులు తెగుతాయి. చాకుతో కోసి, అరటి నారతో చట్రాలకు మళ్లీ కట్టి నిలబెట్టేసరికి ఆ కుటుంబం సగానికి తగ్గింది.

అందుకని మేస్త్రీల రసమట్టం ఒకటి దగ్గర ఉంచుకోండి, లేదా చదునైన సీసాలో సగం నీరు పోసి అడుగు పలక మీద పడుకోబెట్టి చూడండి. పక్కలకు మట్టం కచ్చితంగా ఉండాలి. ముందుకు మాత్రం అర అంగుళం వాలు ఉంచితే వాన నీరు లోపల నిలవదు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. ఎండాకాలంలో అవి రెండు రోజులకే ఆరిపోతాయి, ఎండుటాకు ఒక్కటి అడ్డం పడినా చీమలకు వంతెన అవుతుంది కనుక వాటి మీద రోజూ ఒక కన్ను వేయాలి. పెట్టె కింది వైపు, వాన తగలని చోట కాళ్లకు గ్రీజు పట్టీ పూయడం నాకు ఇంకా నమ్మకంగా అనిపించింది. ద్వారం దగ్గర తలా ఒక రంగు పూస్తే ఈగలు పక్క పెట్టెలోకి దారి తప్పవు. మూత మీద ఒక బరువైన రాయి, తుపాను కాలంలో పెట్టెను స్టాండుకు కలిపి ఒక తాడు, ఇవి కోతుల ఊళ్లలో ఏడాది పొడవునా అవసరం.

దించే రాత్రి, ఆ తరువాత వారం

మొదటి ఏడు రెండు పెట్టెలతోనే మొదలుపెట్టి, అవి వానాకాలం దాటితేనే మిగతావి తీసుకువెళ్లండి. తరలించడానికి రెండు రోజుల ముందే నిండిన తేనె తీసేయాలి. కుదుపులకు పచ్చి మకరందం చింది ఈగలు తడిసి చస్తాయి. చట్రాలు కదలకుండా సందుల్లో పుల్లలు దోపి, చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి జాలీ కొట్టి, పెట్టెను తాడుతో బిగించాలి. బండిలో చట్రాల పొడవు బండి పోయే దిక్కుకే ఉండేలా పెడితే బ్రేకు వేసినప్పుడు పట్టులు ఒకదానికొకటి కొట్టుకోవు.

పాత చోటికి కొత్త చోటు కనీసం రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఈ పని నేరుగా చేయవచ్చు. అదే ఊళ్లో అరకిలోమీటరు దూరానికి మారిస్తే మేతకు పోయిన ఈగలు తెలిసిన దారిన పాత చోటికే వెళ్లి, పెట్టె కనిపించక ఆ ఖాళీ స్టాండు మీదే గుంపు కట్టి రాలిపోతాయి. అలాంటప్పుడు రెండు వారాలు దూరపు ఊరిలో ఉంచి తరువాత కొత్త చోటికి తేవడమే మార్గం. పెరట్లో పది అడుగులు జరపాలంటే మాత్రం రోజుకొక అడుగు చొప్పున జరపవచ్చు.

తెల్లవారక ముందే పెట్టెలను స్టాండ్ల మీదకు ఎక్కించి, అరగంట కుదుటపడనిచ్చి, కొద్దిగా పొగ చూపి, ఒకటి విడిచి ఒకటిగా జాలీలు తీయండి. ద్వారాలకు ఎదురుగా రెండు వేపకొమ్మలు ఆనిస్తే బయటికి వచ్చిన ఈగ చోటు కొత్తగా ఉన్నదని గమనించి, పెట్టె వైపు ముఖం పెట్టి గాలిలో అటూ ఇటూ ఊగుతూ గుర్తులు చూసుకుంటుంది. ఆ ఊగడం కనిపించిందంటే దారి నేర్చుకుంటున్నట్టు. పుట్ట తేనెటీగ నచ్చని చోటును వదిలి లేచిపోవడంలో ఘనమైనది కనుక మొదటి వారం ద్వారానికి రాణి గేటు, అంటే పని ఈగలు పట్టి రాణి పట్టని సన్నటి సందుల అడ్డు, ఉంచాలి. సాయంత్రాలు సమపాళ్లలో పంచదార, నీరు కలిపిన పాకం లోపలే పెట్టాలి. బయట ఒలికితే పెట్టెల నడుమ దోపిడీ మొదలవుతుంది.

నాలుగు రోజులు మూత తెరవకండి. తెరవకుండానే ద్వారం దగ్గర కూర్చుని చూస్తే తెలిసేది చాలా ఉంది. కాళ్లకు పుప్పొడి ముద్దలతో ఈగలు లోపలికి పోతున్నాయంటే లోపల రాణి గుడ్లు పెడుతున్నట్టే. పుప్పొడి రాక, ద్వారం దగ్గర ఈగలు పని లేనట్టు తిరుగుతున్నాయంటే ఐదో రోజున పొద్దు ఎక్కకముందే తెరిచి, గుడ్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే పక్క పెట్టె నుంచి లేత పిల్లలున్న పట్టు ఒకటి తెచ్చి నడుమ ఇవ్వాలి. పిల్లలను వదిలి పోవడానికి ఈగలు అంత తొందరపడవు, రాణి దారిలో పోయి ఉంటే అందులోని లేత పిల్లతో కొత్త రాణిని పెంచుకుంటాయి. అంతా సవ్యంగా ఉన్న పెట్టెలకు ఎనిమిదో రోజు సాయంత్రం రాణి గేటు తీసేయండి. అంతకు మించి ఉంచితే బయటికి రాలేని పోతు ఈగలు సందుల్లో ఇరుక్కుని చచ్చి, ద్వారాన్ని అవే మూసేస్తాయి.